తల్లి చేప పిల్లల్ని తింటోందా, ఇంటికి చేరుస్తోందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది హనుమకొండ. ఇంట్లో మూడడుగుల అక్వేరియం ఉంది. వెడల్పు అడుగు, ఎత్తు అడుగున్నర. అందులో పది నియాన్ టెట్రాలు, ఆరు కోరీడోరాలు, రెండు ఏంజిల్స్, కొన్ని గప్పీలు, అద్దం శుభ్రం చేస్తుందని కొన్న ఒక సక్కర్ చేప ఉన్నాయి. ఎనిమిది నెలల కిందట ఒక జత క్రిబెన్సిస్ చేపలు తెచ్చాను. ఇప్పటికి మూడుసార్లు గుడ్లు పెట్టాయి. మొదటిసారి, అవి గుడ్లు పెట్టిన పూలకుండీని మూడో రోజు ఎత్తి చూస్తే గుడ్లు లేవు. రెండోసారి యాభై దాకా పిల్లలు బయటికి వచ్చాయి, కానీ రెండు రాత్రుల్లో ఒక్కటీ మిగల్లేదు. తల్లి చేప పిల్లల్ని నోట్లో వేసుకోవడం సాయంత్రం పూట మా అమ్మ కళ్ళారా చూసింది. అందుకే మూడోసారి పిల్లల్ని పైపుతో లాగేసి, ట్యాంక్‌లోనే వేలాడదీసే వల డబ్బాలో పెట్టాను. ఐదు రోజుల్లో అన్నీ చనిపోయాయి. ఇదిలా ఉంటే ఆ జంట మిగతా చేపల్ని ఒక మూలకు తరిమేస్తోంది. రెండు కోరీల తోకలు చిరిగాయి. నేను వాడేది బోరు నీళ్ళు, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 650. షాపతను మొత్తం ఆర్వో నీళ్ళు పోయమంటున్నాడు. "కన్నపిల్లల్ని తినే చేపలు మనింట్లో వద్దు, తిరిగి ఇచ్చెయ్" అంటోంది అమ్మ. ఆడచేప పొట్ట మళ్ళీ ఎర్రబడుతోంది, అంటే మళ్ళీ గుడ్లకు సిద్ధమవుతోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు మీ అమ్మగారు చూసిన దాని గురించే మాట్లాడతాను. ఆవిడ చూసింది నిజం. క్రిబెన్సిస్ తల్లి పిల్లల్ని నోట్లోకి తీసుకుంటుంది, తండ్రీ తీసుకుంటాడు. గుంపు దాటి దూరం పోయిన పిల్లను నోట్లోకి పీల్చుకుని, వెనక్కి ఈదుకొచ్చి, మళ్ళీ గుంపులోనే వదులుతాయి. చీకటి పడే వేళకు ఈ పని ఇంకా ఎక్కువవుతుంది. ఒక్కో పిల్లనూ ఏరుకుంటూ తెచ్చి కుండీ లోపల వదిలి, మళ్ళీ ఇంకోదాని కోసం బయలుదేరతాయి. పిల్లి తన కూనల్ని మెడ దగ్గర కరుచుకుని అటక మీంచి గడ్డివాములోకి మార్చడం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. సాయంత్రం పూట అన్నారు కాబట్టి అమ్మగారు చూసింది ఇదేనని నా నమ్మకం. ఈసారి ఆ చేప నోరు మూసుకున్నాక ఎటు వెళ్తుందో చూడమనండి. నేరుగా కుండీలోకి వెళ్తే అది పిల్లల్ని ఇంటికి చేరుస్తున్నట్టే.

మనకు ఇలాంటి చేప ఇంకోటి తెలుసు. కొరమీను. పల్లెల్లో చెరువు పక్కన పెరిగినవాళ్ళకు ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. నీటి పైన ఎర్రటి చిన్న పిల్లలు ముద్దలా కదులుతుంటాయి, వాటి కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపులో చెయ్యి పెడితే నీళ్ళలోంచి ఎగిరి వస్తాయి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను క్రిబెన్సిస్‌కు దగ్గరి చుట్టమేమీ కాదు, కానీ పిల్లల విషయంలో రెండింటిదీ ఒకే పట్టుదల. క్రిబెన్సిస్ ఉన్న సిక్లిడ్ కుటుంబంలో మనకు బాగా తెలిసింది జిలేబీ చేప, అంటే తిలాపియా. అది గుడ్లను, పిల్లలను నోట్లోనే పెట్టుకుని కాపాడుతుంది. పిల్లల్ని పెంచడం ఆ కుటుంబానికి పుట్టుకతో వచ్చిన పని.

మరి మీ యాభై పిల్లలు ఎటు పోయాయి? రెండు రాత్రుల్లో అని మీరే రాశారు. పగలు ఆ జంట కళ్ళుగప్పి పిల్లల దగ్గరికి రాగల చేప మీ ట్యాంక్‌లో లేదు. లైటు ఆర్పగానే తల్లిదండ్రులకు కనిపించదు. సక్కర్ చేపకూ కోరీలకూ చూపుతో పనిలేదు, అవి అడుగునంతా తడుముకుంటూ తిరుగుతాయి. కుండీలోకి సక్కర్ మూతి పెట్టిందంటే లోపలున్న తల్లి దాన్ని పొడుస్తుందే తప్ప ఆపలేదు, ఎందుకంటే దాని ఒళ్ళంతా గట్టి పలకలు. ఆ గొడవలో పిల్లలు చెదిరిపోతాయి. తెల్లారి కాస్త వెలుగు రాగానే టెట్రాలు, ఏంజిల్స్ మిగిలిన పని పూర్తి చేస్తాయి. మీ ఏంజిల్స్ కూడా సిక్లిడ్లే, వేటలో నేర్పున్నవి. చీమంత పిల్లను నీళ్ళలో గుర్తుపట్టి లాక్కోవడం వాటికి చాలా తేలిక.

ఇక మొదటిసారి సంగతి. మూడో రోజు గుడ్లు లేవన్నారు. 26, 27 డిగ్రీల నీళ్ళలో క్రిబెన్సిస్ గుడ్లు పగిలేది సరిగ్గా మూడో రోజు చుట్టుపక్కలే. గుడ్లు కుండీ పైకప్పుకు అంటుకుని ఉంటాయి. పగిలాక వచ్చే పిల్లలు ఈదలేవు, తోక మాత్రం ఆడిస్తూ కుండీ అడుగున ఇసుకలో కుప్పగా పడి ఉంటాయి. పొట్ట కింద పచ్చసొన సంచి ఉంటుంది, మరో నాలుగైదు రోజులు అదే వాటి తిండి. మీరు కుండీ ఎత్తినప్పుడు గుడ్లు మాయమై ఉండకపోవచ్చు, పిల్లలుగా మారి కింద ఇసుకలో ఉండి ఉండొచ్చు. మిమ్మల్ని బాధపెట్టాలని చెప్పడం లేదు. మొదటి జతతో నేనూ ఇదే చేశాను, టార్చి వేసి మరీ వెతికాను. అప్పటి నుంచి నాకు ఒకటే నియమం: ఆడచేప లోపలికి వెళ్ళాక కుండీ మీద చెయ్యి వేయను. అది రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే బయటికొచ్చి గబగబా తిని మళ్ళీ లోపలికి వెళ్తోందంటే లోపల అంతా బాగున్నట్టే. నిజంగానే గుడ్లు తినేసే సందర్భాలూ ఉన్నాయి. బూజు పట్టి తెల్లబడినవాటిని తల్లి తీసేస్తుంది, అది మంచిదే. కొత్త జంటలు మొదటి ఒకటి రెండుసార్లు బెదిరి అన్నీ తినేయడం కూడా మామూలే. మీ జంట ఆ దశ దాటింది, రెండోసారి యాభై పిల్లల్ని బయటికి తీసుకొచ్చింది కదా.

మూడోసారి మీరు చేసింది చాలామంది చేసేదే, పుస్తకాల్లోనూ అక్కడక్కడా కనిపించే సలహానే. నేను మాత్రం దానికి పూర్తిగా వ్యతిరేకం. క్రిబెన్సిస్ పిల్లలు అడుగున బతికేవి. ఇసుక మీద, ఆకుల మీద, చెక్కల మీద పేరుకునే సన్నటి జీవాల పొరను రోజంతా పొడుచుకుంటూ తింటాయి. తల్లి వాటిని వెంటబెట్టుకుని ట్యాంక్ అంతా మేపుతుంది. ఇసుక నోట్లోకి తీసుకుని వదిలి, కింద దాగిన తిండి పైకి లేపుతుంది. పెద్ద తునకను నమిలి పొడిచేసి పిల్లల మీద ఊదుతుంది. ప్రమాదం అనిపిస్తే రెక్కలు టక్కున ఆడించి సైగ చేస్తుంది, అంతే, పిల్లలన్నీ ఒక్కసారిగా ఇసుక మీద అతుక్కుపోయి కదలకుండా ఉంటాయి. వల డబ్బాలో ఇసుక లేదు, పొర లేదు, మేపే తల్లి లేదు. మీరు వేసిన పొడి తిండి వలకు అంటుకుని కుళ్ళింది, నీళ్ళు సరిగా ఆడలేదు. ఐదు రోజులంటే పచ్చసొన అయిపోయి, ఆకలి మొదలై, తట్టుకోగలిగినంత కాలం.

కాబట్టి నా సలహా ఇది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీయకండి, వాటి దారిలో ఉన్నవాటిని తీయండి.

సక్కర్, రెండు ఏంజిల్స్ వెళ్ళిపోవాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. సక్కర్ అడుగుకు మించి పెరిగే చేప, పిల్లల గొడవ లేకపోయినా మీ ట్యాంక్ దానికి చాలదు. షాపుకు తిరిగి ఇవ్వండి, లేదా ఐదారడుగుల ట్యాంక్ ఉన్నవాళ్ళకు ఇవ్వండి. దయచేసి భద్రకాళి చెరువులో మాత్రం వదలకండి. ఇలా ఎవరో వదిలిన సక్కర్లే ఇవాళ కృష్ణా నీళ్ళలో, చేపల చెరువుల్లో పెరిగిపోయి మత్స్యకారుల వలలు చింపుతున్నాయి. వాటిని డెవిల్ ఫిష్ అని తిడుతున్నారు, కానీ ఆ చేప అమెజాన్ నుంచి తనంతట తాను రాలేదు.

కోరీల విషయం నాకు ఎక్కువ బాధగా ఉంది. అవి నెమ్మదైనవి. ఇది ఒకరి హద్దు, దాటకూడదు అన్న సంగతి వాటికి అర్థం కాదు. ఎన్నిసార్లు తరిమినా మీసాలు ఆడించుకుంటూ మళ్ళీ అక్కడికే వస్తాయి. ఇప్పుడు తోకలు చిరిగాయి, తర్వాత కళ్ళు పోతాయి. గుడ్డివైన కోరీలను నేను చూశాను. వాటికి రెండడుగుల చిన్న ట్యాంక్ పెట్టగలిగితే పెట్టండి, గప్పీలను కూడా అందులోకే మార్చవచ్చు. చిరిగిన తోకలకు మందు అక్కర్లేదు, శుభ్రమైన నీళ్ళలో రెండు మూడు వారాల్లో పెరుగుతాయి. రెండో ట్యాంక్ కుదరదంటే, కోరీలు కావాలా క్రిబెన్సిస్ పిల్లలు కావాలా అన్నది మీరే తేల్చుకోవాలి. రెండూ ఒకే మూడడుగుల నేల మీద కుదరవు.

అయితే ట్యాంక్ మొత్తం ఖాళీ చేసి జంటను ఒంటరిగా ఉంచకండి. ఇది అనుభవం మీద గానీ తెలియదు. కాపలా కాయడానికి ఎదురుగా ఎవరూ లేకపోతే మగచేపకు ఆ కోపం చూపించే చోటు దొరకదు, ఆడదాని మీద పడుతుంది. ఒక్కోసారి ఆడదే మగదాన్ని చావగొడుతుంది. పైన తిరిగే చురుకైన చేపలు కొన్ని కళ్ళ ముందు ఉంటే ఇద్దరూ కలిసి వాటిని తరుముతూ తమలో తాము సర్దుకుంటాయి. మీ టెట్రాలు ఉండనివ్వండి. అవి నాలుగైదు పిల్లల్ని తింటాయి, ఆ మాట ముందే చెబుతున్నాను. టెట్రాల కంటే జీబ్రా డానియోలు మేలు. మన దేశపు చేపలే, పైపైన తిరుగుతాయి, తరిమితే రెప్పపాటులో తప్పించుకుంటాయి.

ట్యాంక్ సర్దుబాటు కూడా మార్చాలి. మూడడుగుల్లో ఒక కొస పూర్తిగా జంటకు ఇచ్చేయండి. పూలకుండీ మూతి గదిలోకి కాకుండా పక్క అద్దం వైపు తిప్పండి. మూతి పెద్దదైతే దాన్ని ఇసుకలో సగం పూడ్చి, ఆడచేప దూరేంత, అంటే రెండు వేళ్ళ వెడల్పు సందు మాత్రం వదలండి. మిగిలిన ఇసుకను అదే తవ్వుకుని తనకు నచ్చినట్టు చేసుకుంటుంది. ఒక్క కుండీ చాలదు, ఇంకో రెండు చోట్లు ఉంటే ఎంచుకుంటుంది. ఉడకబెట్టి పీచు గీకేసిన కొబ్బరి చిప్పకు చిన్న నోరు చెక్కి బోర్లించినా సరిపోతుంది. నా చేపలు ఎప్పుడూ కుండీని వదిలి చిప్పనే ఎంచుకున్నాయి. ట్యాంక్ మధ్యలో ఒక చెక్క దుంగ, దానికి కట్టిన అనూబియాస్ మొక్కలు వరుసగా పెట్టి పొలం గట్టులా ఒక హద్దు వేయండి. అనూబియాస్ పశ్చిమాఫ్రికా మొక్క, క్రిబెన్సిస్ కూడా అటువైపు నైజీరియా, కామెరూన్ తీరప్రాంతపు ఏర్లలోదే. క్రిబెన్సిస్ అన్న పేరు కూడా కామెరూన్‌లోని క్రిబి అనే తీరపట్టణం నుంచి వచ్చింది. అటువైపు ఏముందో కనిపించకపోతే మగచేప సగం గొడవ మానేస్తుంది. మిగతా చేపలకు తిండి వేసేటప్పుడు రెండో కొసన వేయండి.

నీళ్ళ సంగతి. మొత్తం ఆర్వో నీళ్ళు పోయమన్న సలహా వినకండి. ఖనిజాలు ఏమీ లేని నీళ్ళలో పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, నిలకడగా ఉండదు, ఒక్క రాత్రిలో పడిపోతే చేపలన్నీ ఇబ్బంది పడతాయి. 650 టీడీఎస్‌లో మీ జంట యాభై పిల్లల్ని తీసింది, అంటే ఆ నీళ్ళకు అలవాటు పడింది. నీళ్ళు మార్చేటప్పుడు కొత్త నీళ్ళలో మూడో వంతు ఆర్వో కలిపి, టీడీఎస్‌ను నెమ్మదిగా 450 దగ్గరికి తీసుకురండి, చాలు. ఎప్పుడైనా మున్సిపాలిటీ నీళ్ళు వాడితే క్లోరిన్ పోగొట్టే మందు తప్పకుండా వేయండి, పిల్లలు పెద్దవాటిలా క్లోరిన్‌ను తట్టుకోలేవు.

నీళ్ళతో ఇంకో విశేషం ఉంది, ఈ చేపలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది అదే. క్రిబెన్సిస్ పిల్లల్లో ఆడవెన్ని, మగవెన్ని అన్నది తొలి వారాల్లో అవి పెరిగిన నీళ్ళ పీహెచ్ మీద కూడా ఆధారపడుతుంది. ఆమ్లగుణం ఉన్న నీళ్ళలో మగవి ఎక్కువ, క్షారగుణం వైపు వెళ్ళేకొద్దీ ఆడవి ఎక్కువ. దీని మీద శాస్త్రవేత్తలు పరీక్షలు చేసి చూశారు. మన బోరు నీళ్ళ పీహెచ్ సాధారణంగా 7.5 పైనే ఉంటుంది కాబట్టి ఆడపిల్లలే ఎక్కువ వస్తాయని ముందే అనుకోండి. నాకు బోరు నీళ్ళలో పెరిగిన ఒక బ్యాచ్‌లో మగవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పీహెచ్ 7కు దగ్గరగా ఉంచగలిగితే రెండూ దాదాపు సమంగా వస్తాయి. దాని కోసం ఆమ్లాలు పోసే పని మాత్రం పెట్టుకోవద్దు. ఎండిన బాదం ఆకు ఒకటి రెండు వేస్తే చాలు. నీళ్ళను పెద్దగా మార్చకపోయినా ఆ ఆకు కుళ్ళేకొద్దీ దాని మీద పేరుకునే పొర పిల్లలకు మంచి మేత.

మేత అంటే ఇంతటితో సరిపోదు. పిల్లలు ఈదడం మొదలైన రోజు నుంచి రెండు వారాలు వాటికి బతికున్న ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్ళలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి పిల్లల్ని, పెట్టాలి. ఇది మనకు దొరకని వస్తువు కాదు. కాకినాడ, నెల్లూరు తీరంలోని రొయ్యల హేచరీలన్నీ దీని మీదే నడుస్తాయి. పెద్ద అక్వేరియం షాపుల్లో డబ్బాల్లోనో విడిగానో అమ్ముతారు. లీటరు నీళ్ళలో 25 గ్రాముల కళ్ళుప్పు కరిగించి, పావు చెంచా ఆర్టీమియా గుడ్లు వేసి, ఎయిర్ పంప్ పైపు అడుగుదాకా పెట్టి బాగా బుడగలు రానివ్వండి. పక్కన లైటు ఉండాలి, 27, 28 డిగ్రీల వేడి ఉండాలి. ఒక రోజు, చలికాలమైతే ఒకటిన్నర రోజులో నారింజ రంగు చుక్కల్లా పొదుగుతాయి. అప్పుడు గాలి ఆపి పది నిమిషాలు వదిలేస్తే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి, వెలుగు వైపుకి చేరతాయి. సన్నటి పైపుతో కింది నుంచి లాగి, పాత చీర గుడ్డలో వడకట్టి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి, సిరంజికి పైపు ముక్క తగిలించి నేరుగా చేపపిల్లల గుంపు మీద వదలండి. రోజుకు మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెం. తిన్న పిల్లల పొట్టలు నారింజ రంగులోకి మారి బయటికి కనిపిస్తాయి. అలా కనిపించనివి తినలేదని లెక్క. తెరిచిన డబ్బాను గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, తేమ తగిలితే గుడ్లు పొదగవు.

ఫిల్టర్ నీళ్ళు లాగే చోట స్పాంజ్ తొడగండి, లేకపోతే పిల్లలన్నీ అందులోకే పోతాయి. రాత్రి లైటు ఒక్కసారిగా ఆర్పకండి. ట్యాంక్ లైటు ఆర్పాక గదిలో లైటు ఇంకో అరగంట ఉంచితే ఆ జంట పిల్లల్ని కుండీలోకి చేర్చుకునే వ్యవధి ఉంటుంది. తర్వాత కూడా ఒక జీరో బల్బు వెలుగుతూ ఉండాలి, మొదటి పది రోజులైనా. మీ రెండోసారి పిల్లలకు దక్కనిది ఈ వెలుగే.

మూడు నాలుగు వారాలకు ఆడచేప పొట్ట మళ్ళీ ఎర్రబడుతుంది. ఇద్దరూ తమ పిల్లల్నే హద్దు అవతలికి తరమడం మొదలుపెడతాయి. పిల్లల్ని వేరే ట్యాంక్‌లోకి మార్చాల్సింది అప్పుడు, అంతకు ముందు కాదు. యాభైలో పది పదిహేను ఆ దశకు చేరితే అందరూ కలిసుండే ట్యాంక్‌కు అది చాలా మంచి ఫలితం. అన్నీ బతకాలనుకుంటే జంటకు విడిగా రెండున్నర అడుగుల ట్యాంక్ పెట్టి, నాలుగైదు డానియోలను తోడు ఉంచడం తప్ప దారి లేదు. పెంచిన పిల్లల్ని ఎవరికి ఇస్తారో షాపతనితో ఇప్పుడే మాట్లాడుకోండి. మూడు నాలుగు నెలల్లో అంగుళం పైన పెరిగి రంగు చూపిస్తే తీసుకుంటారు. సక్కర్ గురించి చెప్పిందే వీటికీ వర్తిస్తుంది, ఏ చెరువులోకీ వెళ్ళకూడదు.

ఈ మార్పులన్నీ ఆడచేప కుండీలోకి వెళ్ళకముందే, ఈ ఆదివారమే ముగించండి. గుడ్లు పెట్టాక ట్యాంక్‌లో చెయ్యి పెట్టి చెక్కలు జరిపితే పాత కథే మొదలవుతుంది. అది బయటికి రావడం తగ్గించిన రోజును క్యాలెండర్‌లో రాసుకోండి. ఆ రోజు నుంచి ఆరో రోజు సాయంత్రం ఆర్టీమియా గుడ్లు ఉప్పునీళ్ళలో వేస్తే, ఏడో రోజో ఎనిమిదో రోజో తల్లి పిల్లల్ని వెంటబెట్టుకుని కుండీ మూతి దగ్గరికి వచ్చేసరికి మీ చేతిలో మేత సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు సాయంత్రం లైటు ఆర్పే ముందు అమ్మగారిని కూడా ట్యాంక్ దగ్గరికి పిలవండి.